రీస్టార్ట్ చేశాక ఇంటర్నెట్ రాకపోతే... ముందు ఆధారాలు చూడండి

"ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి." ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఈ సలహా తెలియనివారు అరుదు. కాల్‌సెంటర్ వాళ్లు ఇదే చెబుతారు, పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడూ ఇదే చెబుతాడు. చాలాసార్లు పని చేస్తుంది కూడా. మరి కంప్యూటర్ రీస్టార్ట్ చేశాకే ఇంటర్నెట్ పోతే? మళ్లీ రీస్టార్ట్ చేయమంటారు. రాకపోతే రౌటర్ ఆపమంటారు. అప్పటికీ రాకపోతే రేపు మనిషిని పంపిస్తామంటారు. ఈలోపు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాల్సిన విద్యార్థికి గడువు దాటిపోవచ్చు.

ఆ సలహా తప్పని నేను అనను. రౌటర్ రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. దాని మెమరీలో ఎక్కడైనా చిక్కు పడితే ఆపి ఆన్ చేయడంతో పోతుంది. కాకపోతే చిక్కుతో పాటు, అది ఎక్కడ పడిందో చెప్పే ఆధారాలూ పోతాయి. కంప్యూటర్, రౌటర్ రెండూ ఒకేసారి ఆపి ఆన్ చేస్తే, ఇంటర్నెట్ తిరిగొచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మొదట నేర్పేది ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని. ఓమ్ నియమం ప్రయోగంలో వోల్టేజీ మారుస్తూ తీగను కూడా మార్చం కదా! ఇంట్లో మాత్రం అన్నీ ఒక్కసారే మార్చేసి, వచ్చేసిందని ఊపిరి పీల్చుకుంటాం. వారం తిరక్కుండా మళ్లీ అదే సమస్య.

నిజానికి 'రీస్టార్ట్ తర్వాతే పోయింది' అన్నదే మనకు దొరికిన మొదటి ఆధారం. నడుస్తున్న కంప్యూటర్ తన నెట్‌వర్క్ వివరాలను మెమరీలో పెట్టుకుని పని కానిస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి జరగాలి. నెట్‌వర్క్ డ్రైవర్ లోడవాలి. వైఫై కలవాలి. రౌటర్ నుంచి ఐపీ అడ్రస్ రావాలి. వెబ్‌సైట్ల పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ జవాబివ్వాలి. ఈ గొలుసులో ఎక్కడో ఒక లంకె ఊడింది. అదేదో కనిపెట్టాలి.

కరెంటు పోతే మనం ముందు చేసే పని ఏమిటి? వీధిలోకి తొంగి చూస్తాం. వీధంతా చీకటైతే లోపం బయట ఉంది, మన ఇల్లొక్కటే చీకటైతే ఫ్యూజు చూసుకోవాలి. ఇంటర్నెట్‌కూ ఇదే పరీక్ష. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫై మీద ఏదైనా కొత్త పేజీ తెరవండి. తెరుచుకుంటే రౌటర్, బయటి లైను బాగానే ఉన్నట్టు. లోపం కంప్యూటర్ వైపు ఉంది. తెరుచుకోకపోతే కంప్యూటర్‌ను వదిలేసి రౌటర్ లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్లలో ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలిగితే కాంతి సంకేతం మీ ఇంటి దాకా రావడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు.

లోపం కంప్యూటర్ వైపే అని తేలితే ఐపీ అడ్రస్ చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం ఇస్తే కనిపిస్తుంది. ఈ అడ్రస్ ఇచ్చే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. దాదాపు లాడ్జీలో గది తీసుకోవడం లాంటిదే. 'గది కావాలి' అని కంప్యూటర్ అడుగుతుంది, 'ఫలానా గది ఉంది' అని రౌటర్ అంటుంది, 'అదే ఇవ్వండి' అని ఇది, 'ఇచ్చాం, ఇంతకాలం ఉండొచ్చు' అని అది. మొత్తం నాలుగు సందేశాలు. అడ్రస్ 192.168తో మొదలైతే సాధారణంగా గది దొరికినట్టే. 169.254తో మొదలైతే ఎవరూ జవాబివ్వలేదు, కంప్యూటర్ తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుని వరండాలో పడుకుంది. అప్పుడు చూడాల్సినవి కేబుల్, వైఫై, డ్రైవర్, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్.

అడ్రస్ సరిగానే ఉంటే పింగ్ వాడాలి. 1983లో అమెరికన్ ఇంజినీర్ మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. జలాంతర్గాములు వాడే సోనార్ శబ్దం మీదుగా దానికా పేరు పెట్టాడు. సంకేతం పంపి, ప్రతిధ్వని కోసం వేచి చూడటమే దాని పని. 8.8.8.8 అనే అడ్రస్‌కు పింగ్ చేస్తే జవాబు వచ్చి, వెబ్‌సైట్ పేరు కొడితే మాత్రం దొరకలేదంటే, దారి బాగుంది, డీఎన్ఎస్ దగ్గర లోపం ఉంది. పింగ్‌కు జవాబివ్వని యంత్రాలూ ఉంటాయి కాబట్టి, జవాబు రానంత మాత్రాన దారి తెగిందని తేల్చేయకూడదు.

రాత్రి స్విచ్ బోర్డు దగ్గర కట్టేసి పొద్దున ఆన్ చేసే పాత డెస్క్‌టాప్‌లలో ఇంకో విచిత్రం ఉంటుంది. మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సురక్షిత వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు ప్రారంభ, ముగింపు తేదీలు ఉంటాయి కదా! తేదీ పొసగకపోతే బ్రౌజర్ ఆ సైట్లను నమ్మదు. పింగ్ వెళుతుంది, సైట్లు తెరుచుకోవు. ఇంటర్నెట్ పోయిందని కంపెనీకి ఫోన్ చేస్తాం, మార్చాల్సింది మాత్రం చిన్న బ్యాటరీ.

షట్‌డౌన్‌కూ రీస్టార్ట్‌కూ తేడా కూడా ఒక ఆధారమే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. ఇది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టం తన అంతర్గత స్థితిని డిస్కులో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అంతా కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ఒకదాని తర్వాత ఇంటర్నెట్ వచ్చి, రెండోదాని తర్వాత రాకపోతే, డ్రైవర్ మొదలయ్యే తీరును అనుమానించాలి. రౌటర్ లేకుండా కంప్యూటర్ నుంచే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిపే కనెక్షన్లయితే, రీస్టార్ట్ తర్వాత మళ్లీ లాగిన్ చేయాలేమో కూడా చూసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రౌటర్ వెనక పిన్నీసుతో నొక్కే చిన్న రంధ్రం రీసెట్‌ది. అది నొక్కి పట్టుకుంటే కంపెనీ పెట్టిన లాగిన్ వివరాలు చెరిగిపోవచ్చు. కాసేపట్లో సర్దుకునే సమస్య, టెక్నీషియన్ వచ్చేదాకా సాగుతుంది.

సామాన్యులకు ఇదంతా ఎందుకని అడగొచ్చు. ఫ్యూజు తీగ మార్చడం, గ్యాస్ లీకయితే రెగ్యులేటర్ కట్టడం ఎందుకు నేర్చుకున్నామో ఇదీ అందుకే. నేర్పే బాధ్యత మాత్రం వినియోగదారుడి ఒక్కడిదే కాదు. 2023 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలని నిర్వచించింది, అంతకుముందు అది 512 కేబీపీఎస్. వేగానికి కొలత పెట్టుకున్నాం, మంచిదే. తెగిన కనెక్షన్‌ను ఇంట్లోవాళ్లు ఎంత తేలిగ్గా పరీక్షించుకోగలరన్నదీ సేవలో భాగమే. కనెక్షన్ ఇచ్చేటప్పుడు తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వడం కంపెనీలకు భారం కాదు. ఏ లైటుకు ఏం అర్థం, రౌటర్ అడ్రస్ ఎంత, లాగిన్ వివరాలు ఏమిటి, ఏ పరీక్ష చేశాక ఫోన్ చేయాలి... ఇవి రాసి ఇస్తే చాలు. ఫిర్యాదు ముగించేటప్పుడు 'పరిష్కరించాం' అని సరిపెట్టకుండా కారణం ఏమిటో కూడా రాయాలి. కారణం నమోదు కాకపోతే అదే లోపం ఎన్ని ఇళ్లలో వస్తోందో కంపెనీకీ తెలియదు.

రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటోంది. 1976లో 42వ సవరణతో చేరిన మాట అది. దాన్ని పాఠంగా బట్టీ పట్టించడం కన్నా, కంప్యూటర్ క్లాసులో పిల్లల చేత ఒక వైఫై లోపాన్ని మెట్టు మెట్టుగా పట్టించడం మేలు. ఊహించడం, పరీక్షించడం, ఒక్కటే మార్చి చూడటం అన్నీ అందులో ఉన్నాయి. ఖర్చు కూడా లేదు.

ఈసారి ఇంటర్నెట్ ఆగితే స్విచ్ మీద చెయ్యి వేసే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: రౌటర్‌లో ఏ లైట్లు వెలుగుతున్నాయి, ఫోన్‌లో వైఫై మీద పేజీ తెరుచుకుందా, కంప్యూటర్ ఐపీ అడ్రస్ ఎంత. ఆ తర్వాత రీస్టార్ట్ చేయండి, అదీ ఒకసారికి ఒక్కటే.