గీయడం వచ్చింది, పట్టుకోవడం ఎప్పుడు నేర్చుకుందాం?



ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతున్న మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఈ పోస్టు. పొడుగుందని వదిలేయకండి, చివరిదాకా చదవండి.

ఆటోక్యాడ్ వచ్చా అంటే మనవాళ్ళు వచ్చు అనే అంటారు. నిజమే. లైన్, సర్కిల్, ట్రిమ్, ఆఫ్‌సెట్ అన్నీ వచ్చు. ఖాళీ స్క్రీన్ ఇస్తే రెండు గదుల ఇల్లు గీసి చూపిస్తారు. కానీ ఉద్యోగంలో ఖాళీ స్క్రీన్ ఎన్నిసార్లు ఇస్తారు? ఎవరో గీసిన ప్లాన్ చేతికిచ్చి "ఈ గది రెండడుగులు పెంచు, ఆ కిటికీలన్నీ మార్చు" అంటారు. అక్కడే మనవాళ్ళు ఆగిపోతున్నారు. ఒక్కో గీత మీద క్లిక్ చేసుకుంటూ కూర్చుంటారు. పక్కవాడు పని ముగించి లేచిపోతాడు. మన పిల్లలకు తెలివి లేక ఇలా జరగడం లేదు. మార్చాల్సినదాన్ని పట్టుకోవడం, అంటే సెలక్షన్, ఒక పాఠంగా మనకెవరూ చెప్పలేదు. గీయడానికి ఎంత టైం పెడుతున్నామో దీనికీ అంత పెట్టాలని మేము గట్టిగా అంటున్నాం.

అసలు విషయం చిన్నదే. ఖాళీ చోట ఒక క్లిక్ చేసి వదిలి, ఎడమ నుంచి కుడికి వెళ్ళి ఎదురు మూలలో ఇంకో క్లిక్ చేస్తే నీలం పెట్టె వస్తుంది. ఇది విండో. పూర్తిగా లోపలున్నవే దీనికి దొరుకుతాయి. కుడి నుంచి ఎడమకు వెళితే ఆకుపచ్చ పెట్టె వస్తుంది. ఇది క్రాసింగ్. అంచు తగిలినవి కూడా దీనికి దొరుకుతాయి.

గది పెంచాలంటే స్ట్రెచ్ కొట్టి, జరపాల్సిన గోడను కుడి నుంచి ఎడమకు పట్టాలి. అప్పుడు ఆ గోడ జరుగుతుంది, దాన్ని కలిసే గోడలు దాంతోపాటు సాగుతాయి. విండోతో పడితే గోడ ఒక్కటే జరిగి, మూలలు విడిపోతాయి. కిటికీలు బ్లాకులుగా ఉంటే ఒకదాన్ని పట్టుకుని సెలెక్ట్ సిమిలర్ అంటే అదే లేయర్‌లో అదే పేరున్నవన్నీ దొరుకుతాయి. అక్కర్లేనిది కలిసిపోతే షిఫ్ట్ నొక్కి దాని మీద క్లిక్ చేస్తే బయటికి వస్తుంది. ఒక్క జాగ్రత్త. ఎరేజ్ కొట్టి ఆల్ అన్నారంటే, ఆఫ్ చేసి కంటికి కనబడని లేయర్లలోవి కూడా పోతాయి. కాపాడుకోవాల్సిన లేయర్‌ను ఫ్రీజ్ చేయండి, లేదా లాక్ చేయండి.

ఇది ఉద్యోగంతో అయిపోయే సంగతి కాదు. ఊరి నక్షా మీద ఒక చెరువు ముంపు గీత వేశారనుకుందాం. ఒక్కో చేను ఒక్కో మూసిన గీతగా ఉంది. ఆ ముంపు గీత వెంబడి విండో పద్ధతిలో పడితే, సగం మునిగే చేను లెక్కలోకి రాదు. క్రాసింగ్ పద్ధతిలో పడితే వస్తుంది. నక్షా అదే, గీత అదే, లెక్కలు మాత్రం రెండు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, ఏ పక్క నుంచి పట్టాడో చూసుకోకపోతే చాలు. ఆ అంచు చేను ఎవరిదో తెలిసిన మన పిల్ల ఆ కుర్చీలో ఉంటే, ఒకటికి రెండుసార్లు చూస్తుంది. గ్రామసభలో కూర్చునే మనం కూడా "అంచు మీద ఉన్నవి కలిపారా, వదిలేశారా?" అని అడగగలం. రోడ్డు నక్షా అయినా, పోడు భూముల నక్షా అయినా ఈ ప్రశ్న అడగాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ కొంటాం అని కొందరంటారు. లిబ్రెక్యాడ్ ఉచితం, అందులోనూ ఇదే ఎడమ కుడి పద్ధతి ఉంది. అర్హత ఉన్న విద్యార్థులకు ఆటోక్యాడ్ కూడా ఉచితంగానే ఇస్తున్నారు. ఇంగ్లీషు రాదు అని ఇంకొందరంటారు. రెండు రంగులు, రెండు దిక్కులు. కోయలో చెప్పుకున్నా, గోండిలో చెప్పుకున్నా, సవరలో చెప్పుకున్నా అర్థమయ్యే సంగతే ఇది.

సీనియర్లకు మా మాట ఒకటి. ఆదివారం హాస్టల్‌లో ఒక పాత ప్లాన్ తెరిచి, జూనియర్లకు పది మార్పులు రాసివ్వండి. కొత్త గీత ఒక్కటీ గీయనివ్వకండి. ఉన్నవాటినే పట్టుకుని మార్చమనండి. నాలుగు ఆదివారాలు చేసి చూద్దాం. తర్వాత ఇంటర్వ్యూకి వెళ్ళే మన పిల్లల చేతుల్లో తేడా మనకే కనబడుతుంది.

జై ఆదివాసీ!