రైతు చేతికి బండి గ్లౌజులు ఎందుకు? ఏ కాలానికి ఏవి కొనాలి?



ఈసారి పంట గురించి కాదు, పంట పండించే చేతుల గురించి రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

ఇప్పుడు బండి లేని రైతు ఇల్లు తక్కువ. ఎక్సెల్ అయినా, స్ప్లెండర్ అయినా, పొద్దున లేస్తే దాని మీదే పని. పాల కేంద్రానికి పోవాలన్నా, యూరియా బస్తా తేవాలన్నా, పచ్చిగడ్డి మోపు వేసుకు రావాలన్నా బండే. హెల్మెట్ గురించి పోలీసులు చెప్పీ చెప్పీ, చలాన్లు వేసీ వేసీ సగం మందికైనా అలవాటు చేశారు. చేతుల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. గ్లౌజుల మాట ఎత్తితే మనోళ్ల జవాబు ఒకటే: "మనమేమన్న బుల్లెట్ మీద లడఖ్ పోతున్నమా?"

లడఖ్ పోయేవాడి కంటే మనకే గ్లౌజులు ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా.

బండి మీద నుంచి పడేటప్పుడు మనిషి ఆలోచించడు. చేతులు వాటంతట అవే ముందుకు పోయి నేలకు ఆనతాయి. తల కంటే, మోకాలు కంటే ముందు అరచేయి రోడ్డును తాకుతుంది. కంకర తేలిన రోడ్డు మీద ముప్పై స్పీడులో పడ్డా అరచేతి తోలు లేచిపోతుంది, ఇసుక, గులకరాళ్లు మాంసంలోకి దిగుతాయి. పట్నంలో ఆఫీసు పని చేసేవాడికి ఇది పది రోజుల ఇబ్బంది. మనకు అట్ల కాదు. ఆ చేత్తో పాలు పిండలేం, కొడవలి పట్టలేం, పత్తి తీయలేం. పేడ, మట్టి తగిలితే ధనుర్వాతం భయం. పుండు ఉన్న చర్మం గుండా పురుగుమందు ఒంట్లోకి ఇంకా తేలిగ్గా పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బొటనవేలి కింద, మణికట్టు దగ్గర స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. అరచేయి ఆనించి పడ్డప్పుడు ఎక్కువగా విరిగే ఎముకల్లో ఇదొకటి. దానికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి అతుక్కోవడానికి వారాలు కాదు, నెలలు పట్టొచ్చు. ఒక్కోసారి మొదటి ఎక్స్‌రేలో విరుగు కనబడదు. మనం బెణుకు అనుకుని నూనె రాయించుకుంటాం, నాటు కట్టు కట్టించుకుంటాం. ఎముక అతకకుండా ఉండిపోతే ఆ చేతికి బరువు ఎత్తే బలం తగ్గిపోతుంది. పడ్డాక బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకే చూపించండి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి పోకపోతే మళ్లీ వెళ్లండి.

గ్లౌజు వేసుకుంటే ఎముక విరగదని నేను అనను. తోలు లేచిపోకుండా మాత్రం బాగా కాపాడుతుంది. మంచి వాటిల్లో అరచేతి మడమ దగ్గర గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. దాన్ని స్లైడర్ అంటారు. చేయి రోడ్డుకు పట్టేసుకోకుండా జారిపోతుంది, మణికట్టు మీద పడే దెబ్బ తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో బండి ప్రమాదాల మీద చేసి 2011లో బయటపెట్టిన ఒక అధ్యయనంలో కూడా గ్లౌజులు వేసుకున్నవాళ్లకు చేతి గాయాలు తక్కువని తేలింది.

ఇక అసలు విషయం. ఏ కాలానికి ఏ గ్లౌజు? అన్నిటికీ ఒకటే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. ఒక్క జతే కొనే స్తోమత ఉంటే ఏది కొనాలో చివర్లో చెప్తా.

ఎండాకాలం: రామగుండం వైపు గానీ, రెంటచింతల వైపు గానీ 45 డిగ్రీల ఎండలో మందపాటి తోలు గ్లౌజు వేసుకోమంటే ఎవరూ వేసుకోరు. వేసుకున్నా రెండో రోజు ఇంట్లో పడేస్తారు. ఎండకు కావాల్సింది జాలీ గ్లౌజు, షాపులో మెష్ అంటారు. నా సూత్రం ఒక్కటే: పైన గాలి, కింద తోలు. చేతి పైభాగం జాలీ ఉండాలి, అరచేయి మాత్రం తోలే ఉండాలి. మేకతోలు పలుచగా, మెత్తగా ఉండి గట్టిగా నిలబడుతుంది, ఎండకు బాగుంటుంది. ఇంకో లాభం ఏంటంటే చెమటకు హ్యాండిల్ రబ్బరు మీద చేయి జారదు. వేళ్లు సగం కోసిన గ్లౌజులు మాత్రం వద్దు. పడ్డప్పుడు నేలకు రాసుకునేవి వేళ్లే కదా, వాటిని బయట పెట్టి మిగతాది కప్పితే ఏం లాభం?

చలికాలం: ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, అటు లంబసింగి వైపు పొద్దున ఐదింటికి పాల క్యాన్లతో పోయేవాళ్లకు నేను చెప్పేది ఏముంది? వేళ్లు కొయ్యబారతాయి. బ్రేకు పట్టాలనుకున్నాక వేళ్లు వంగడానికి టైం పడుతుంది. నలభై స్పీడులో బండి ఒక సెకనుకు 11 మీటర్లు పోతుంది. అర సెకను ఆలస్యమైతే అయిదు మీటర్లు దాటినట్టే. అడ్డం వచ్చిన బర్రెకు తగలడానికి అది చాలు. మనోళ్లు సంతలో దొరికే ఉన్ని గ్లౌజులు వేసుకుంటారు. వాటిల్లోంచి గాలి దూరిపోతుంది, లివరు మీద జారుతుంది, పడితే దారాలు దారాలుగా చిరిగిపోతుంది. చలికి కావాల్సింది గాలి చొరని పైపొర, లోపల మెత్తటి అస్తరు. బిగుతుగా ఉండకూడదు. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. మరీ మందంగా ఉన్నా క్లచ్ ఎంత పట్టామో తెలియదు. మామూలు గ్లౌజు కాస్త వదులుగా ఉంటే లోపల పలుచటి నూలు తొడుగు వేసుకున్నా పని జరుగుతుంది.

వానాకాలం: వానలో చేతులకు పాలిథిన్ కవర్లు కట్టుకుని బండి తోలేవాళ్లను చూస్తుంటాం. చేయి తడవదు, నిజమే. కానీ ఆ కవరు హ్యాండిల్ మీద జారుతుంది, లివరుకు చిక్కుకుంటుంది. అది చాలా ప్రమాదం. వానకు వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న గ్లౌజులు వస్తాయి. వాటి అంచు రెయిన్‌కోటు చేతి లోపలికి పోవాలి. బయట ఉంటే కోటు మీద కారే నీళ్లన్నీ గ్లౌజులోకే దిగుతాయి. తోలు గ్లౌజు తడిస్తే పొయ్యి దగ్గరో, ఎండలోనో ఆరేయకండి. బిరుసెక్కి పగుళ్లు పడుతుంది. నీడన ఆరనివ్వండి.

రాత్రిపూట, వడ్ల కాలం: ఇది మనసుకు కష్టమైనా చెప్పాల్సిన మాట. కల్లాలు లేక వడ్లు, మక్కలు రోడ్డు మీద పోస్తున్నాం. చుట్టూ రాళ్లు పెడతాం, పైన నల్ల పట్టా కప్పుతాం. రాత్రి బండి మీద వచ్చేవాడికి అది కనబడదు. మక్కల మీద టైరు ఎక్కితే గోళీల మీద ఎక్కినట్టే. పడేది ఎవరు? పక్క ఊరి రైతే, లేదంటే రైతు కొడుకే. కల్లాలు అడగడం మన హక్కు, అడుగుదాం. అప్పటిదాకా కనీసం రాళ్లు పెట్టడం మానేసి, పట్టా చుట్టూ మెరిసే టేపు అంటిద్దాం. ఇక బండి తోలేవాళ్లకు రాత్రిపూట వెనకవైపు మెరిసే పట్టీ ఉన్న గ్లౌజు మేలు. చేయి చాపి మలుపు సైగ చేస్తే వెనక లారీవాడికి కనబడుతుంది. బాట పక్క సర్కారు తుమ్మ కొమ్మలు గీరినా, పురుగులు కొట్టినా వేళ్ల కణుపుల మీద గట్టి కప్పు ఉంటే హ్యాండిల్ వదలం.

మందు కొట్టే రోజు: దీన్ని మాత్రం మర్చిపోవద్దు. మందు కొట్టే రబ్బరు గ్లౌజులు వేరు, బండి గ్లౌజులు వేరు. పలుచటి రబ్బరు గ్లౌజు రోడ్డుకు ఒక్క క్షణం కూడా ఆగదు. పైగా దాంతోనే బండి ఎక్కితే మందు హ్యాండిల్‌కు అంటుతుంది. మర్నాడు అదే హ్యాండిల్ మీ పాప పట్టుకుంటుంది. మందు కొట్టడం అయ్యాక రబ్బరు గ్లౌజులు కడిగి తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు బండి గ్లౌజులు తొడుక్కోండి. మందు సీసాలున్న సంచిలో వాటిని పెట్టకండి. తోలు మందును పీల్చుకుంటే ఎంత ఉతికినా పోదు. అట్లాంటి జతను పారేయడమే మంచిది.

షాపులో ఏం చూడాలి?

ముందు టేపుతో అరచేయి చుట్టుకొలత తీసుకోండి. బొటనవేలు వదిలేసి, కణుపుల మీదుగా చుట్టాలి. పని చేసీ చేసీ మన చేతులు లావుగా ఉంటాయి, అందాజుగా ఆర్డర్ పెట్టకండి. తొడుక్కుని పిడికిలి బిగించండి. వీలైతే బయటికొచ్చి మీ బండి బ్రేకు, క్లచ్ పట్టి చూడండి. మణికట్టు దగ్గర పట్టీ బిగించి, రెండో చేత్తో వేళ్ల చివర్లు పట్టి లాగండి. ఊడొచ్చిందా, ఆ గ్లౌజు మీకు పనికిరాదు. పడ్డప్పుడు కూడా అట్లనే ఊడిపోతుంది. అరచేతిలో రెండు పొరలున్నాయా, కుట్టు రెండు వరసలుందా చూడండి. లోపలి లేబుల్ మీద ఈఎన్ 13594 అని ఉంటే అది యూరప్ వాళ్ల బండి గ్లౌజుల ప్రమాణం. అందులో లెవల్ 1 కంటే లెవల్ 2 గట్టిది. కేపీ అని ఉంటే కణుపుల రక్షణ కూడా పరీక్షించినట్టు. ఈ నంబరు లేకుండా ఉత్త సీఈ ముద్ర, పెద్ద కంపెనీ బొమ్మ చూసి మోసపోకండి. బజార్లో బొమ్మలు ఎవరైనా అచ్చేస్తారు.

రోజూ పది, పదిహేను కిలోమీటర్లు ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు పొట్టి అంచు గ్లౌజు చాలు. హైవే మీద మార్కెట్‌కు పోయేవాళ్లు మణికట్టు దాటి వచ్చే పొడుగు అంచుది తీసుకుంటే మంచిది.

ఒక్క జతే కొంటాం అనేవాళ్లకు నా సలహా: పైన జాలీ, అరచేతికి తోలు, మడమ దగ్గర స్లైడర్, కణుపులకు కప్పు, వేళ్లు పూర్తిగా మూసినవి. చలికి లోపల నూలు తొడుగు. మన దగ్గర సంవత్సరంలో ఎక్కువ నెలలు ఎండే కాబట్టి ఇదే పనికొస్తుంది. పనికొచ్చే జత సుమారు వెయ్యి నుంచి రెండు వేల మధ్య దొరుకుతుంది. ఒక డీఏపీ బస్తా 1350 రూపాయలు. బస్తా ఒక్క పంటకే అయిపోతుంది, గ్లౌజులు జాగ్రత్తగా వాడితే ఏళ్లు వస్తాయి.

"ఊళ్లోనే కదా తిరిగేది" అంటారు. గడ్డి మోపుతో, పాల క్యాన్లతో బండి ఒరిగేది ఊళ్లోనే, ఇరవై స్పీడులోనే. "నలుగురు నవ్వుతరు" అంటారు. మొదట్లో మాస్కు కట్టుకుని మందు కొట్టినోళ్లను చూసి కూడా నవ్వారు. నవ్వినవాళ్లెవరూ మన బర్రెల పాలు పిండిపెట్టరు. ఆ వారం కూలి మనమే కట్టుకోవాలి.

ఒక్క మాట. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనండి. చట్టం అడిగేది కూడా అదే. హెల్మెట్ ఉన్నవాళ్లు మాత్రం వచ్చే పంట డబ్బుల్లో ఒక జత గ్లౌజుల లెక్క రాసుకోండి. కాలేజీకి బండి మీద పోయే పిల్లలకూ కొనివ్వండి.

ట్రాక్టరుకు, మోటారుకు, ఎద్దుకు ఏది చెడిపోయినా బాగుచేయిస్తాం. చేయి పోతే మార్చుకోవడానికి స్పేర్ పార్టు లేదు. మీరు ఏ గ్లౌజులు వాడుతున్నారో, ఎండకు ఎట్లున్నాయో కింద రాయండి, మిగతా రైతులకు పనికొస్తుంది.

జై కిసాన్.