పసివారు మరణము నెట్లు గ్రహింతురు

ఇంట నొకరు మృతి నొందినప్పుడు పెద్దలు పసివారిని పక్కయింటికి పంపి, "వారి కేమి తెలియును?" అని యూరకుందురు. బిడ్డల తెలివి పెద్దల తెలివి వంటిది కాదనుట నిజమే. అయినను వారి కేమియు తెలియదనుట సరికాదు. వయస్సును బట్టి వారు గ్రహించు విధము వేరుగా నుండును. ఆ భేదము నెరిగిన తల్లిదండ్రులకు ఏ బిడ్డతో ఏ మాట చెప్పవలెనో తెలియును.

హంగేరీ దేశస్థురాలగు మరియా నాగి అను మనశ్శాస్త్రజ్ఞురాలు బుడాపెస్టు ప్రాంతమున మూడు మొదలు పదియేండ్ల వరకు వయస్సుగల 378 మంది పిల్లలను విచారించి, తాను తెలిసికొనిన సంగతులను 1948వ సంవత్సరమున ప్రకటించెను. అయిదేండ్లలోపు పిల్లలు మరణమును ప్రయాణముగనో నిద్రగనో తలంచిరి. అటుపిమ్మట తొమ్మిదేండ్ల వరకు గల వారిలో అనేకులు మృత్యువు ఒక మనుష్యునివలె వచ్చి పట్టుకొనిపోవునని చెప్పిరి. తొమ్మిదేండ్లు దాటినవారు మాత్రము అది యందరికిని తప్పనిదని యెరిగియుండిరి. ఇతర దేశములలో తరువాత విచారించినప్పుడు ఆ రెండవ తలంపు అంతగా కనబడలేదు.

అమెరికా పండితులగు స్పీసు, బ్రెంటు అనువారు 1984లో అనేక పరిశోధనలను పోల్చి చూచి, బిడ్డ నేర్వవలసిన సంగతులు మూడని చెప్పిరి. చనిపోయినవారు మరల రారనునది మొదటిది. దేహము చేయు పనులన్నియు నిలిచిపోవుననునది రెండవది. ప్రాణమున్న ప్రతివారికిని చావు కలుగుననునది మూడవది. అయిదు మొదలు ఏడేండ్ల నడుమ పెక్కుమంది పిల్లలు వీటిని గ్రహింతురు.

కాబట్టి నాలుగేండ్ల బిడ్డ "నాయన యెప్పుడు వచ్చునమ్మా?" అని దినమునకు పదిసార్లడిగినచో అది మొండితనము కాదు. కొంతసేపు ఏడ్చి, మరుక్షణమే ఆటలాడుకొనుటయు ప్రేమలేమి కాదు. పసిమనస్సు దుఃఖమును కొంచెము కొంచెముగానే మోయగలదు. బడికి పోవు ప్రాయమువారు "నేను మాట వినలేదు గనుక అమ్మ చనిపోయినది" అని లోలోపల కుమిలిపోవుదురు. ఇంకను పెద్దవారు తల్లి యేడ్చునను భయముచేత తమ కన్నీటిని దాచుకొని, తండ్రివలె ఇంటిభారము మోయ జూతురు.

"నాయన ప్రయాణమై పోయెను" అనుమాట ఎంత బాధ కలిగింపగలదో మలయా తోటలలోని వృద్ధుల కుటుంబములకు తెలియును. 1942, 1943 సంవత్సరములలో జపాను సైన్యమువారు సయాము బర్మాల నడుమ 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయుటకై తోటలనుండి తమిళులను, తెలుగువారిని వేలకొలదిగా తీసికొనిపోయిరి. వాంతిభేదిచేతను, చలిజ్వరముచేతను, ఆకలిచేతను అనేకులచ్చట చనిపోయిరి. ఎన్నో యిండ్లకు మరణవార్తయైనను చేరలేదు. శవమును చూడలేదు, కర్మ జరుగలేదు, సంవత్సరీకమునకు తిథియు తెలియదు. పనికి పోయిన తండ్రి నేడో రేపో వచ్చునని బిడ్డలు ఎదురుచూచుటకు అంతకన్న వేరు కారణ మక్కరలేదు.

మరణము నిశ్చయముగా తెలిసిన యింటనైనను బిడ్డను అట్టి నిరీక్షణలో నుంచుట న్యాయమా? "నిద్రించుచున్నాడు" అనినయెడల పసివాడు రాత్రి పండుకొనుటకు భయపడును. "దేవుడు తీసికొనిపోయెను" అని మాత్రమే చెప్పినయెడల తన్నును అమ్మనుకూడ తీసికొనిపోవునేమో యని దేవునికే జడియును. పరలోకమును గూర్చి చెప్పదలచినవారు ముందుగా జరిగిన సంగతిని తేటగా చెప్పవలెను: "నాయన చనిపోయినాడు, బాబూ. ఆయన దేహమునకు ఇక ఆకలి లేదు, చలి లేదు, నొప్పి లేదు. ఆయన మరల రాడు. ఇది నీ తప్పువలన జరుగలేదు. నిన్ను నేనును, అమ్మమ్మయు చూచుకొందుము."

తల్లులారా, తండ్రులారా, అంత్యక్రియలకు వచ్చెదనని బిడ్డ కోరినయెడల అచ్చట కనబడు దానిని ముందే వివరించి, నమ్మకమైన వారి చేయి పట్టించి తీసికొనిపోవుడు, రానన్నచో బలవంతపెట్టకుడు. వాని యెదుట మీరు ఏడ్చిన తప్పులేదు. ఏల యేడ్చుచున్నారో చెప్పుడు. వేళకు అన్నము పెట్టి, వేళకు బడికి పంపుడు. నాలుగేండ్లప్పుడు విన్న మాటను తొమ్మిదవ యేట బిడ్డ క్రొత్తగా గ్రహించి మరల అడుగును. అప్పుడు "అదంతయు చెప్పితిమిగదా" అని త్రోసివేయక, వాని ప్రాయమునకు తగినట్లు మరల మొదటినుండి చెప్పుడు.