కుట్లు మానితే రోగం మానినట్లేనా?

గాయం మానగానే రోగం కూడా పోయిందనుకోవడం మన ప్రజలలో ప్రబలి ఉన్న ఒక భ్రమ. చదువుకున్న వారమని చెప్పుకొనే మా కుటుంబం కూడా ఈ భ్రమకు అతీతం కాలేకపోయింది.

ధర్మవరంలో మగ్గం ప్రక్కనే జీవితం గడిపిన మా ఖాలాకు పెద్దప్రేగులో క్యాన్సరు బయటపడి, శస్త్రచికిత్స జరిగింది. కుట్లు విప్పిన తరువాత పెనుకొండ బాబయ్య దర్గాకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నాము. పరీక్షలకు మరల రమ్మన్న వైద్యుని మాటను మాత్రం మరచిపోయాము. ఏడాదిన్నరకు ఆమె పొట్ట ఎత్తుగా కనిపించసాగింది. వాయువని కొందరు, వయసని కొందరు అన్నారు. అటువంటి బాధను మగవారికి చెప్పుకోవడమెట్లా అని ఆమె మిన్నకుండిపోయింది. తుదకు హిందూపురంలో స్కానింగు చేయించగా రెండు అండాశయాలలోనూ గడ్డలున్నట్లు తేలింది. అది క్రొత్త వ్యాధి కాదు. పాత క్యాన్సరే అక్కడికి ప్రాకింది.

వ్యాధి ఉన్న ప్రేగు భాగాన్ని కోసి తీసివేసినా, అంతకు ముందే విడివడిన కణాలు రక్తం ద్వారా గాని, ఉదరకుహరంలో రాలి గాని అండాశయాలను చేరవచ్చు. ఇది అరుదే, అయినా ముట్లుడగని స్త్రీలలో కొంత అధికం. 1896లో జర్మను వైద్యుడు క్రూకెన్‌బర్గ్ ఇటువంటి గడ్డలను వర్ణించినపుడు అవి అండాశయంలోనే పుట్టినవని భావించాడు. అవి జీర్ణకోశం నుండి వ్యాపించినవని 1902లో ష్లాగెన్‌హాఫర్ చూపించాడు. తెలియక పొరబడటంలో దోషం లేదు. తెలిసిన తరువాత ఉపేక్షించడమే దోషం.

శస్త్రచికిత్స తరువాత 5 సంవత్సరాల పాటు, ముఖ్యంగా మొదటి 2, 3 సంవత్సరాలలో, వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారం రక్తపరీక్ష, స్కానింగు చేయించుకోవాలి. అండాశయాలకు ప్రాకిన వ్యాధి మందులకు అంతగా లొంగదు గనుక, ఇతర భాగాలకు వ్యాపించక ముందే కనుగొంటే శస్త్రచికిత్సకు అవకాశం ఉంటుంది.

మన మూడు ఊళ్ళూ బెంగుళూరు రైలు మార్గం మీదనే ఉన్నాయి. రఫీ అహమ్మద్ కిద్వాయి పేర 1973లో ఏర్పడిన క్యాన్సరు సంస్థ ఆ నగరంలోనే ఉంది. కనుక మనకు అడ్డు దూరం కాదు, సిగ్గు, అశ్రద్ధ. హయా మన స్త్రీలకు ఆభరణమే, కాని ప్రాణం మీదికి వచ్చినపుడు అది సంకెల కారాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ తల్లికి చదవరాని వైద్యపత్రాన్ని మీరు చదువగలరు. దానిని పొలం పట్టా వలె భద్రపరచండి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా పాత శస్త్రచికిత్స సంగతి మొదటనే చెప్పండి. పొట్ట ఉబ్బినా, క్రింద నొప్పి అన్నా గడువు వరకు ఆగకండి.

రెండవ శస్త్రచికిత్స తరువాత మా ఖాలా రెండేండ్లు బ్రతికింది. సకాలంలో తీసుకొని వెళ్ళి ఉంటే ఇంకెన్నాళ్ళు ఉండేదో అన్న ప్రశ్న మా యింట అట్లే మిగిలిపోయింది. అది మీ యింట మిగలకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాశాను.