ఉపన్యాసమున దేనిని విడువవలెను?

గత వైజ్ఞానిక ప్రదర్శనమున మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు విశాఖపట్టణపు రేవు నిర్మాణమును గూర్చి పది నిమిషములు ఉపన్యసించెను. నెల దినములు శ్రమించి, తెరపై చూపుటకు ముప్పది పటములు సిద్ధపరచెను. మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతికై రేవు కావలసివచ్చుట, 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ లోనికి వచ్చుట, ఆ డిసెంబరులో విల్లింగ్డను ప్రభువు ప్రారంభోత్సవము జరుపుట, 1948 మార్చిలో నెహ్రూగారు జల ఉష యను నౌకను జలప్రవేశము చేయించుట, అన్నియు వరుసగా చెప్పెను. 1976లో వెలుపలి రేవు ఏర్పడెనని చెప్పుచుండగా గంట మ్రోగెను. నిర్మాణమును గూర్చి ఒక్క మాటయు రాలేదు!

తప్పు బాలునిది కాదు. ముందు చరిత్ర, పిమ్మట భూగోళము, కడపట యంత్రములు అని క్రమము వ్రాసియిచ్చినవారము మేమే.

మరునాడు వానిని పిలిచి, "నాయనా, విన్నవారు ఇంటికి పోయి ఒక్క సంగతియే చెప్పుకొందురనుకొనుము. అది యేది కావలెను?" అని అడిగితిమి. చాలసేపు ఆలోచించి, "రేవు ముఖమును ఇసుక ఎందుకు మూసివేయలేదో అదండీ" అనెను.

ఉపన్యాసమంతయు అందే కలదు. మన తీరమున అలలు సంవత్సరములో ఎక్కువ కాలము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు త్రోయుచుండును. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న కాలువలో అది పడినచో ఓడలకు దారి పూడును. కావున నిర్మాతలు రెండు పాత ఓడలను ముంచి, రాళ్లు చేర్చి అలలకు అడ్డుకట్ట వేసిరి. దాని చాటున నీరు నెమ్మదించి ఇసుక దిగును. దిగినదానిని డ్రెడ్జరు తీసివేయును. తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని శిక్షణ కళాశాలలో మేమును వల్లించితిమి. ఈ ఊరివారికి ఇసుకకంటె తెలిసినదేమున్నది?

విడుచుట సులభము కాదు. జలదుర్గను తీసివేయుమన్నప్పుడు వాని కన్నులు చెమ్మగిల్లెను. వాని ముత్తాత ఆ రేవులో కూలిపని చేసెనట. మేమును కొంత తడబడితిమి. తుదకు, విడిచిన పటములను పారవేయక, ఎవరైన ప్రశ్నించినప్పుడు చూపుటకు వేరుగా ఉంచుమంటిమి.

ఇట్లు విడువ నేర్పిన పిల్లలు సోమరులగుదురని మా సహోపాధ్యాయులు కొందరందురు. మేమంగీకరింపజాలము. ముప్పదింటిలో ఏడింటిని ఏరుటకు ముప్పదియు బాగుగ తెలిసియుండవలెను. పటముల సంఖ్యనుబట్టి మార్కులు వేయు పరీక్షకులును, వానిని లెక్కించి సంతసించు తలిదండ్రులును ఈ మాట ఆలోచింపవలెనని మా ప్రార్థన.

తలిదండ్రుల సభనాడు ఆ బాలుడు మరల మాటలాడెను. ఏడు పటములు, ఏడు నిమిషములు. పెద జాలరిపేటనుండి వచ్చిన ఒక తల్లి లేచి, "ఇసుకంతా అక్కడే ఆపేస్తే మా ఒడ్డుకేటి మిగుల్తాది బాబూ?" అని అడిగెను. అట్టి ప్రశ్న మాకెన్నడును తోచలేదు. బాలుడు విడిచిన పటములను త్వరత్వరగా తిరుగవేసి, డ్రెడ్జరు తీసిన యిసుకను రామకృష్ణా బీచి ఒడ్డునకు చేర్చుచున్న పటమును తెరపైకి తెచ్చెను. ఇంకను మూడు నిమిషములు మిగిలియుండెను.