దుకాణం మనది, పద్దు ఎవరిది?

పదో తరగతి ఫలితాలు వెలువడగానే విజయవాడ వన్ టౌన్‌లోని ముస్లిం ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. మార్కులు బాగా వస్తే ఎంపీసీ లేదా బైపీసీ, తగ్గితే సీఈసీ. కామర్సు అంటే మరో దారి లేనివారు పట్టే దారి అన్న అభిప్రాయం మన పెద్దల్లో పాతుకుపోయింది. ఉద్యోగం కన్నా వ్యాపారాన్నే నమ్ముకున్న కుటుంబాలు కూడా ఇలా ఆలోచించడం విచారకరం.

వించిపేట, పంజా సెంటర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్ దాకా ఒకసారి నడిచి చూడండి. చెప్పులు, బట్టలు, పండ్లు, పాత ఇనుము, మోటారు విడిభాగాలు - మనవాళ్ల చేతిలో ఏదో ఒక వ్యాపారం ఉంటుంది. దేశమంతటా పరిస్థితి ఇంతే. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడిన వారు ఎక్కువని, బ్యాంకు రుణాలు మాత్రం వారికి తక్కువగా అందుతున్నాయని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. దీనికి కారణాలు అనేకం. వాటిలో కొన్ని మన చేతిలో లేవు. కానీ లెక్కల పుస్తకం మన చేతిలోనే ఉంది. అమ్మకం ఎంతో, మిగులు ఎంతో కాగితం మీద చూపలేని దుకాణానికి ఏ బ్యాంకు మేనేజరైనా ఏ ఆధారంతో అప్పు ఇస్తాడు?

ఇంటర్మీడియట్ కామర్సులో నేర్పేది సరిగ్గా ఇదే. చిట్టాలో రాయడం, ఆవర్జాకు ఎక్కించడం, అంకణా తీయడం, బ్యాంకు పాసుపుస్తకంతో నగదు పుస్తకాన్ని సరిచూడటం, ఏడాది చివర లాభనష్టాలు తేల్చడం. ఈ విద్యలోని మాటలు మన ఇళ్లకు కొత్తవి కావు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు అన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి తెలుగు బజారుకు వచ్చినవే. మాటలు ఇంట్లో ఉన్నాయి, విద్య మాత్రం బయటివారి దగ్గర ఉంది.

నోటిలెక్కతో నడిచే కాలం పోయింది. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రంలో సరుకులు అమ్మే వ్యాపారి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పదు. కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి తగ్గించుకోవాలంటే సరైన బిల్లు ఉండాలి, అమ్మిన వ్యాపారి దాన్ని తన రిటర్నులో చూపాలి. ఇది తెలియని దుకాణదారు కట్టనక్కరలేని పన్ను కట్టుకుంటాడు, లేదా కట్టవలసినది కట్టక నోటీసు అందుకుంటాడు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంటి లోపల జరుగుతోంది. తండ్రి పెట్టిన దుకాణంలో ఇద్దరు కొడుకులు ఇరవై ఏళ్లు కష్టపడతారు. పత్రం ఉండదు, పద్దు ఉండదు. తండ్రి పోయాక తగవు మొదలవుతుంది. ఏది తండ్రి ఆస్తి, ఏది కొడుకుల కష్టార్జితం? 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకుంటే భాగస్వాములకు లాభం సమానంగా పోతుంది. ఎక్కువ కష్టపడ్డానన్న వాదన నిలవదు. నమోదు కాని సంస్థ తనకు రావలసిన బాకీ కోసం బయటివారిపై దావా వేయడానికి కూడా అడ్డంకి ఉంది. కామర్సు విద్యార్థి ఈ సంగతులు పదిహేడేళ్లకే చదువుకుంటాడు. ఆ దుకాణాన్ని నడిపే అన్నకు యాభై ఏళ్లు వచ్చినా తెలియవు.

అన్నదమ్ములు ఎలాగో రాజీపడతారు. నోరెత్తలేక మిగిలిపోయేది అక్కచెల్లెళ్లే. ధర్మం వారికి వాటా నిర్ణయించింది. ఆస్తి ఎంతో తేలనిదే వాటా ఎలా తేలుతుంది? లెక్క లేని దుకాణంలో అందరికన్నా ముందు మాయమయ్యేది ఆడపిల్ల హక్కు.

దివ్య ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రాల గురించినది. గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే బాకీని చిన్నదైనా పెద్దదైనా రాసిపెట్టుకోవాలని, న్యాయంగా రాయాలని, సాక్షులు ఉండాలని అది బోధిస్తుంది. ‘అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకు, నమ్మకం లేదా’ అనేవారు దీనిని గుర్తుంచుకోవాలి. జకాత్ సంగతీ అంతే. దుకాణంలో సరుకు ఎంతో, రావలసింది ఎంతో తెలియకుండా రెండున్నర శాతం ఎలా లెక్కిస్తాం?

అందరూ కామర్సే చదవాలని మేము అనడం లేదు. ఆసక్తి ఉన్నవారు డాక్టర్లు, ఇంజినీర్లు కావాలి. సీఈసీ సర్టిఫికెట్ ఒక్కటే అన్నం పెడుతుందనీ చెప్పడం లేదు. దానికి ట్యాలీ, జీఎస్టీ రిటర్నుల అనుభవం తోడు కావాలి. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలనుకునేవారు ఇంటర్ తర్వాత ఫౌండేషన్ పరీక్ష రాయవచ్చు. అందులో గణితం కూడా ఉంటుంది కనుక సీఈసీ వారు దానిని వదలరాదు. అమ్మాయిలను దూరం పంపలేమనే తల్లిదండ్రులకు కొత్తపేటలోనే కాకరపర్తి భావనారాయణ కళాశాల ఉంది.

ఈసారి మన పిల్లల గ్రూపు నిర్ణయించేటప్పుడు మార్కుల జాబితాతో పాటు దుకాణం పద్దు పుస్తకాన్నీ ముందు పెట్టుకుందాం. ఆ పుస్తకం లేకపోతే, దానిని మొదలుపెట్టవలసిన బిడ్డ ఎవరో అప్పుడే ఆలోచిద్దాం. అది కూతురైనా సరే.