అడగకపోయినా చెబుతున్నాను

“అన్నా, ఈ ఆదివారం ఏం చూడమంటావ్?” అని హాస్టల్లో జూనియర్లు అడుగుతుంటారు. నేను జవాబు చెప్పేలోగానే ఫోను తీసి, అది చూపించింది చూసుకుంటారు. మనకి నిన్న ఏం నచ్చిందో ఫోనుకి బాగా తెలుసు. రేపు ఏం నచ్చగలదో మాత్రం పక్కగది స్నేహితుడే చెప్పగలడని నా నమ్మకం. అందుకని ఈ ఏడాది నాకు నచ్చిన మూడింటి గురించి ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.

మొదటిది ‘మా భూమి’. 1980లో విడుదలైన ఈ చిత్రానికి కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. బి. నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. దర్శకుడు గౌతం ఘోష్ బెంగాలీ. ఆయన మొదటి కథాచిత్రం తెలుగులోనే తీశారు! వెట్టిచాకిరీ మీద పరీక్షలో పేజీన్నర రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. తెరమీద రామయ్య బతుకు చూశాక ఆ మార్కులు తల్చుకుంటే సిగ్గేసింది. పోరాటానికి జడిసి ఊరొదిలిన దొరలు 1948 తర్వాత తెల్లటోపీలు పెట్టుకుని తిరిగొస్తారు. “అదేంటి, హీరో గెలవలేదే?” అన్నాడు పక్కవాడు. సినిమా నిదానంగా నడుస్తుంది, కాదనను. కాని ఆ ప్రశ్న కోసమైనా చూడాలి.

రెండోది సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. బాపు బొమ్మలతో వంద చిన్న కథలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన పుస్తకం. శ్యాం బెనెగల్ దూరదర్శన్ కోసం తీశారు కూడా. మెస్సులో ఇడ్లీ వచ్చేలోగా ఒక కథ అయిపోతుంది. ‘వరద’ చదవండి. కృష్ణ పొంగినప్పుడు ఆకలి ముందు కులం నిలబడదు. నీళ్ళు తీశాక మళ్ళీ ఎవరి గడపలు వాళ్ళవే. వందా గొప్పవే అనను. కొన్నిచోట్ల ఊరిమీద మమకారం ఎక్కువై కథ పలచనైంది. అయినా ‘వరద’ ఒక్కటి చాలు, రాత్రి నిద్ర చెడగొట్టడానికి.

మూడోది ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు. 1893లో పుట్టి 1964లో పోయారు. విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాలుగా చేశారు. చూపు సరిగా లేని మనిషి. అప్పటి గ్రామఫోను రికార్డులో ఒక వైపుకి మూడు నాలుగు నిమిషాలే పట్టేది. ఆ కాస్తలోనే రాగం ముఖం కనిపిస్తుంది. నాకు శాస్త్రం తెలియదు. రికార్డు గరగరల మధ్య విన్నా మనసు నిలిచింది.

ఇదంతా ఎందుకంటే, ‘అమరావతి కథలు’ మన లైబ్రరీలోనే దొరికింది. వెనక అట్టకి అంటించిన చీటీమీద ఆఖరి ముద్ర 2009 నాటిది. “ఎవరూ తీసుకోని పుస్తకాలకి బీరువా ఎందుకని అడుగుతున్నారు బాబూ, వేసవిలో జాబితా రాయాలట” అన్నారు లైబ్రేరియన్ గారు. ఆ జాబితాలోకి ఎక్కిన పుస్తకం మళ్ళీ బీరువాలోకి రాదు. తప్పు ఆయనదా? పదిహేనేళ్ళ పైగా ఆ బీరువా ముందు నుంచే కాంటీనుకి నడిచినవాళ్ళం మనం.

లెక్చరర్లకీ ఒక మనవి. క్లాసులో చివరి రెండు నిమిషాలు మీకు నచ్చిన పుస్తకం గురించి చెప్పండి. సిలబస్ ఎక్కడికీ పోదు.

నా అభిరుచి నచ్చకపోతే నిరభ్యంతరంగా తిట్టండి మిత్రులారా! కాని ఆ పుస్తకం తీసుకెళ్ళి, చదివి తిట్టండి. చీటీమీద ఇంకో ముద్ర పడుతుంది.